ఇంగ్లీషు ముక్క: చిటికెడు ఉప్పు

తాడేపల్లిగూడెం నుంచి ఒక చెల్లెమ్మ ఉత్తరం రాసింది. ఉత్తరమంటే నిజంగా ఉత్తరమే! ఫోనులో మెసేజి కాదు. రెండు వైపులా రాసి, చోటు చాలక అంచుల మీద కూడా నిలువుగా రాసేసింది. అది చదవడానికి కాయితాన్ని నాలుగు పక్కలా తిప్పాల్సొచ్చింది.

సంగతేమిటంటే, ఆ అమ్మాయికి ఒక హీరో అంటే ప్రాణం. (పేరు రాయను. రాస్తే మిగతా హీరోల అభిమానులు నా మీదకొస్తారు. ఆ హీరో అభిమానులు ఎలాగూ వస్తారనుకోండి.) ఆయనగారికీ, ఫలానా హీరోయిన్‌కీ పెళ్ళని ఊరంతా గుప్పుమంది. టీవీలో అడిగితే హీరోగారు నవ్వి, చెయ్యి ఊపి, “ప్లీజ్ టేక్ ఇట్ విత్ ఎ పించ్ ఆఫ్ సాల్ట్” అని కారెక్కేశారట.

హాస్టల్ గదిలో నలుగురు అమ్మాయిలు. ఒకతె అందిట: “ఉప్పు మీద ఒట్టేశాడే! ఇంక పెళ్ళి ఖాయం.” రెండోది: “కాదే, ఉప్పూ కారం తినేవాడెవడూ ఇలాంటి మాటలు నమ్మడని పత్రికలవాళ్ళని తిట్టాడు.” మూడోది కాస్త భోజనప్రియురాలు లెండి. “పెళ్ళి విస్తట్లో ముందు వడ్డించేది ఉప్పేగా, భోజనాలకి రమ్మన్నాడు” అందిట. మన చెల్లెమ్మ మాత్రం ఏమీ అనలేదు. రాత్రి అన్నం మానేసింది. “నాలుగు బాల్కనీ టిక్కెట్లు పందెం వేసుకున్నాం. మీరు తీర్పు చెప్పేదాకా నాకు ముద్ద దిగదు” అని ముగించింది.

తల్లీ, ముందు అన్నం తిను. ఉప్పు వేసుకునే తిను.

తీర్పేమిటంటే, ముగ్గురూ ఓడిపోయారు. “పించ్ ఆఫ్ సాల్ట్” అంటే చిటికెడు ఉప్పు. “టేక్ ఇట్ విత్ ఎ పించ్ ఆఫ్ సాల్ట్” అంటే, ఆ మాటని విన్నది విన్నట్టు మింగెయ్యకండి, కాస్త అనుమానం కలుపుకుని పుచ్చుకోండి అని. ఒట్టూ లేదు, తిట్టూ లేదు, భోజనాలు అసలే లేవు.

మీ గదిలో గొడవంతా ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ఇంగ్లీషు వాళ్ళ ఉప్పు వేరు, మన ఉప్పు వేరు. మనకి ఉప్పంటే విశ్వాసం. “వాళ్ళ ఉప్పు తిన్నాను” అని ఎన్ని సినిమాల్లో ఎంతమంది గుమ్మడిగారి ఇంటి నౌకర్లు కళ్ళు తుడుచుకోలేదు? మనకి ఉప్పంటే రోషం కూడా. “ఉప్పూ కారం తింటున్నావా గడ్డి తింటున్నావా” అని విలన్ అడగ్గానే హీరో చొక్కా చేతులు మడుస్తాడు. ఇన్ని సినిమాలు చూసి పెరిగిన పిల్లలు ఇంగ్లీషు ఉప్పులో అనుమానం వెతకాలంటే ఎలా వెతుకుతారు పాపం!

మరి అనుమానానికీ, ఉప్పుకీ ఏమిటి చుట్టరికం? దానికో పాత కథ ఉంది. క్రీస్తుకు పూర్వం పాంటస్ అనే దేశానికి మిత్రిదాతెస్ అని రాజు ఉండేవాడు. ఇప్పటి టర్కీలో నల్లసముద్రం ఒడ్డున ఉండేది ఆ రాజ్యం. ఎవరో తనకి విషం పెట్టేస్తారని ఆయనకి జన్మంతా భయం. విరుగుళ్ళు కనిపెట్టుకుంటూ గడిపాడు. రోమ్ సేనాని పాంపే ఆయన్ని ఓడించాక రాజుగారి సొంత కాయితాల్లో ఒక విరుగుడు మందు దొరికిందని, ఆ తర్వాత నూరేళ్ళు దాటాక ప్లినీ అనే రోమన్ పండితుడు రాశాడు. రెండు ఎండు అక్రోటు కాయలు, రెండు అత్తిపళ్ళు, ఇరవై సదాపాకులు కలిపి నూరి, అందులో ఒక్క ఉప్పురవ్వ వెయ్యాలి. పరగడుపున తింటే ఆ రోజంతా ఏ విషమూ ఎక్కదట! విషాన్ని మింగాల్సొచ్చినా ఉప్పురవ్వతో మింగితే ఫర్వాలేదన్నమాట. అబద్ధాన్ని కూడా అలాగే మింగమని మాట పుట్టింది అంటారు. ఇంగ్లీషులో 17వ శతాబ్దంలోనే ఈ వాడుక కనిపిస్తుంది. అప్పుడు “గ్రెయిన్ ఆఫ్ సాల్ట్”, అంటే ఉప్పురవ్వ. చిటికెడు తర్వాత వచ్చింది. అమెరికా వాళ్ళు ఇప్పటికీ రవ్వ దగ్గరే ఆగిపోయారు. మనకి బ్రిటిష్ వాళ్ళ చదువు కనక చిటికెడు అలవాటైంది. రెండూ ఒకటే.

అయితే ఒక సంగతి. ప్లినీ రాసింది మందు గురించే కాని మాటల గురించి కాదు. అందులోంచే ఈ మాట పుట్టిందన్నది పండితులు అనుకుంటున్నది. కాబట్టి ఈ ఉప్పు కథని కూడా... మీకు అర్థమైపోయింది కదూ!

ఇలాంటిదే ఇంకో కథ మీరు వినే ఉంటారు. రోమన్ సైనికులకి జీతం ఉప్పుగా ఇచ్చేవారనీ, అందుకే జీతానికి “సాలరీ” అని పేరొచ్చిందనీ. మా మాస్టారొకాయన క్లాసులో ప్రతి సంవత్సరం చెప్పేవారు. ఆ పదంలో ఉప్పుకి లాటిన్ మాట ఉన్నది నిజమే. కాని సిపాయిలకి నెల నెలా ఉప్పు కొలిచి ఇచ్చారనడానికి ఆ కాలం రాతల్లో ఆధారమేమీ లేదు. ఉప్పు గురించి చెప్పే మాటలకే ఉప్పు ఎక్కువ కావాల్సి వస్తోంది.

సరే, ఏలూరు కథకి వద్దాం. ఈ ఇంగ్లీషు మాట నేను పుస్తకంలో నేర్చుకోకముందే మా అమ్మ దగ్గర చూశాను. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఆదివారం పొద్దున్నే గుమ్మంలోకి చేపల గంప వచ్చేది.

“కొల్లేటి కొర్రమీనమ్మా! తెల్లారుజామున పడవలోంచి దిగింది. చూడండి, ఇంకా కొట్టుకుంటంది.”

“పడవ దిగిందో, చెరువు లారీ దిగిందో?”

“ఆయ్! మీ దగ్గిర అబద్ధమాడతానా అమ్మగారూ? పెద్దింట్లమ్మ తోడు!”

“అమ్మవారిని ఎందుకులే మధ్యలోకి లాగుతావు. ధర చెప్పు.”

అమ్మ ఆవిణ్ణి అబద్ధాలకోరు అనలేదు. చేప కొనకుండా పంపనూ లేదు. చెప్పిన మాటలో కొంత తరుగు తీసేసి, మిగిలిన దానికి ధర కట్టింది. “టేక్ ఇట్ విత్ ఎ పించ్ ఆఫ్ సాల్ట్” అంటే సరిగ్గా ఇదీ! అబద్ధం అనడానికీ, అనుమానించడానికీ మధ్య సన్నటి గీత ఉంది చూశారూ, అక్కడ నిలబడుతుందీ మాట. ఆ తర్వాత అమ్మ అదే కొర్రమీనుని పెరట్లో రాతి మీద పెట్టి, కల్లుప్పు వేసి బరబరా రుద్దేది. జిగురంతా పోయి అసలు చేప బయటపడేది.

మాకు ఆ దేశంలో ఉప్పు సంగతి మామూలు సంగతి కాదండోయ్. కొల్లేరు మంచినీటి సరస్సు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్ళెంలా ఉంటుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఇవన్నీ తెచ్చి దాంట్లో పోస్తాయి. ఆ నీళ్ళు సముద్రానికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. భీమవరం నుంచి గుడివాడ వైపు రైలెక్కితే, ఆకివీడు దాటగానే వంతెన మీంచి కనిపిస్తుంది. కొల్లేరు నిండుగా ఉంటే మంచినీరు సముద్రం వైపు తోస్తుంది. ఎండాకాలంలో నీరు తగ్గిందా, ఉప్పునీరు ఎదురెక్కి వస్తుంది. ఊళ్ళో పెద్దవాళ్ళు నీళ్ళు పుక్కిట పట్టి చూసి “చిటికెడు పడిందిరా” అనేవాళ్ళు. ఇంగ్లీషు వాడికి చిటికెడు ఉప్పు నుడికారం. మా లంకల్లో వాళ్ళకి అది తాగే నీళ్ళు, పండే పొలం. వానొస్తే మునక, ఎండొస్తే ఉప్పు. “కొల్లేటి కాపురం” అన్న మాట ఊరికే పుట్టలేదు. 1976లో ఆ పేరుతో సినిమా కూడా వచ్చింది.

ఈ మాట ఎక్కడ వాడకూడదో కూడా కొల్లేరే చెబుతుంది. 1999లో కొల్లేరుని పక్షుల అభయారణ్యం చేశారు. 2002లో రామ్సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006 నాటికి లోపలి చేపల చెరువుల గట్లు వేల ఎకరాల్లో కొట్టేశారు. అప్పట్నించీ అక్కడ టీ కొట్టు దగ్గర కూచుంటే అంకెలే అంకెలు! ఆక్రమించింది ఇంతని ఒకరు, పోయింది ఇంతని ఒకరు, వచ్చిన పక్షులు ఇన్నని ఇంకొకరు. ఆ అంకెలన్నిటికీ చిటికెడు ఉప్పు ధారాళంగా వాడుకోవచ్చు. కాని గట్టు తెగిన రోజు సంగతి ఒక ముసలాయన చెబుతుంటే ఆయన ఎదురుగా “ఐ టేక్ ఇట్ విత్ ఎ పించ్ ఆఫ్ సాల్ట్” అంటే అది ఇంగ్లీషు తప్పు కాదు, మనిషి తప్పు. ఎదుటివాడి మొహం మీద ఈ మాట అంటే “నువ్వు కోతలు కోస్తున్నావు” అన్నట్టే. సాధారణంగా అక్కడ లేని మూడోవాడి మాట గురించి వాడతారు. లేదా మన మాట గురించి మనమే. “ఇది నేను విన్న మాటేనండీ, టేక్ ఇట్ విత్ ఎ పించ్ ఆఫ్ సాల్ట్” అంటే అది మర్యాద.

ఇంక సినిమా దగ్గరకొస్తే, ఉప్పు బస్తాలే కావాలి! వంద రోజుల పోస్టరు చూశారా? పాత రోజుల్లో ఏ హాల్లో ఎన్ని రోజులు, ఎక్కడెక్కడికి మార్చి ఆడించారు, చివరికి మార్నింగ్ షోతో ఎన్ని వారాలు నెట్టుకొచ్చారు అన్నది కింద చిన్న అక్షరాల్లో ఉండేది, లేదా ఉండేదే కాదు. ఇప్పుడు రోజుల లెక్క పోయి కోట్ల లెక్క వచ్చింది. శుక్రవారం సినిమా, శనివారం పోస్టరు మీద కోట్లు! ఎవరు లెక్కపెట్టారు, గ్రాసా షేరా అని అడిగేవాడు లేడు. నా చిన్నప్పుడు ఒక హీరో మా ఏలూరు హాలుకి వస్తున్నాడని పుకారు పుడితే పవర్‌పేట స్టేషన్ దగ్గర ఎండలో నాలుగ్గంటలు నిలబడ్డాను. వచ్చింది ప్యాసింజరు. అందులోంచి దిగింది మా మేనమామ. “నాకోసం స్టేషనుకొచ్చావుట్రా!” అని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇప్పటిదాకా ఆయనకి నిజం చెప్పలేదు.

చెల్లెమ్మా, మీ గూడెంలో రేలంగి వెంకట్రామయ్యగారు స్థిరపడ్డారు. అంత నవ్వించి, 1970లో పద్మశ్రీ కూడా అందుకుని, మీ ఊళ్ళో తన పేరున సినిమా హాలు కట్టించుకుని, 1975లో అక్కడే కన్నుమూశారు. తాడేపల్లిగూడెం వాళ్ళకి సినిమా అంటే ఎక్కడో మద్రాసులో జరిగే సంగతి కాదు, వీధిలో నడిచి వెళ్ళే మనిషి. మీకు పుకారు గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? కాని ఏలూరు వాణ్ణి కనక నాకొకటి చెప్పాలని ఉంది. చాలాకాలంగా ఉంది.

ఏలూరుకి దగ్గర్లో, దెందులూరు మండలంలో, కొవ్వలి అనే ఊరుంది. అక్కడ 1960లో విజయలక్ష్మి అని ఒక పిల్ల పుట్టింది. పేద ఇల్లు. చదువు నాలుగో తరగతితో ఆగింది. చిన్న వయసులోనే పెళ్ళి చేశారు. అది నిలవలేదు. మద్రాసు వెళ్ళి మేకప్ పనిలో చేరి, చిన్న వేషాలు వేసింది. 1980లో “వండిచక్రం” అనే తమిళ సినిమాలో సిల్క్ అనే పాత్ర వేసింది. ఆ పేరే అతుక్కుపోయింది. సిల్క్ స్మిత! ఆవిడకి స్మిత అని పేరు పెట్టింది నటుడు, రచయిత వినూ చక్రవర్తి అని కొందరంటారు. ఆయన భార్య ఆమెకి ఇంగ్లీషు నేర్పించారని చెబుతారు. ఈ ఇంగ్లీషు శీర్షిక రాస్తూ ఆ సంగతి తల్చుకున్నప్పుడల్లా నాకు మనసు ఒకలా అవుతుంది. ఎక్కడో ఒక మద్రాసు ఇంట్లో, నాలుగో తరగతి దాటని కొవ్వలి పిల్ల పుస్తకం ముందేసుకుని కూచుందన్నమాట.

మేం కాలేజీ కుర్రాళ్ళం అప్పుడు. “ఆవిడ మా పక్క ఊరే” అని చెప్పుకోవడం గొప్ప. గొప్ప అంటే ఏం గొప్ప! పక్క ఊరు కనక మాకు ఎక్కువ తెలుసని. ఒకడు వాళ్ళ బాబాయి చూశానన్నాడంటాడు, ఇంకొకడు మద్రాసు నుంచొచ్చిన లైట్ బాయ్ చెప్పాడంటాడు. సాయంత్రం టీ కొట్టు దగ్గర రోజుకో కథ. నేనూ ఒకటి చెప్పాను. ఎక్కడో విన్నదే, ఇంకాస్త కలిపి చెప్పాను. అందరూ నవ్వారు. వారం తిరక్కుండా అదే కథ, నేను కలిపిన ముక్కతో సహా, నాకే ఇంకొకడు వచ్చి చెప్పాడు. “గ్యారంటీ న్యూస్” అన్నాడు. అప్పుడైనా “అది నేను కల్పించిందిరా” అనలేదు. నవ్వి ఊరుకున్నాను. ఆ కథేమిటో ఇక్కడ మళ్ళీ రాయను. ఒకసారి తిరిగింది చాలు.

1996 సెప్టెంబర్ 23న ఆవిడ మద్రాసులో తన ఇంట్లో చనిపోయారు. 35 ఏళ్ళు. పేపర్లో చూసిన పొద్దున్న టీ కొట్టు దగ్గర మళ్ళీ కథలే. అప్పుడు కొత్తవి, ఎందుకు చనిపోయిందన్న దాని మీద. ఈసారి నేను లేచి వచ్చేశాను. అంతకన్నా ఏమీ చెయ్యలేదు.

2011లో ఆవిడ పుట్టినరోజు డిసెంబర్ 2నాడే “ది డర్టీ పిక్చర్” హిందీ సినిమా వచ్చింది. తీసినవాళ్ళు ఇది అచ్చంగా ఆవిడ జీవితమే కాదన్నారు. అయినా ఇవాళ్టి కుర్రాళ్ళలో చాలామందికి ఆవిడ కథంటే ఆ సినిమా కథే. ఆ సినిమాని మెచ్చుకోండి, తప్పులేదు. జీవితచరిత్ర అనుకుంటే మాత్రం పెద్ద చిటికె పట్టండి. నాలుగు వందల యాభై సినిమాలు చేశారని రాస్తుంటారు, అది కూడా ఎవరు లెక్కపెట్టారో! నన్నడిగితే ఆ అంకె కన్నా 1982లో వచ్చిన “మూండ్రాం పిరై” చూడండి. మనకి “వసంత కోకిల”గా వచ్చింది. కమల్ హాసన్, శ్రీదేవిల సినిమా అని అందరికీ గుర్తు. అందులో స్మిత కళ్ళు చూడండి. అక్కడ ఏ ఉప్పూ అక్కర్లేదు.

సరే సరే, పాఠం మిగిలిపోయింది. వాడుకలో జాగ్రత్తలు రెండు మూడు చెప్పి వదిలేస్తాను. “పించ్” అనాలి, “పంచ్” అనకూడదు. పంచ్ అయితే గుద్దు. ఉప్పుతో గుద్దమని చెప్పినట్టవుతుంది. “ఈట్ ఇట్” అనరు, “పుట్ సాల్ట్” అనరు. “టేక్” అనే అనాలి. అనుమానం మరీ ఎక్కువైతే “లార్జ్ పించ్” అనొచ్చు, నవ్వుతూ. “హి ఈజ్ వర్త్ హిజ్ సాల్ట్” అంటే అది వేరు, పనిమంతుడని మెప్పు. “సాల్ట్ ఆఫ్ ది ఎర్త్” అంటే కల్లాకపటం లేని మంచి మనిషి. గాయం మీద ఉప్పు రుద్దడం వాళ్ళకీ ఉంది. మనవాళ్ళు అక్కడ కారం కూడా చల్లుతారు, మనం ఏదైనా ఘాటుగానే చేస్తాం కదా!

తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయే మాట ఏమిటని అడుగుతారు. “చెప్పేవాడికి చాదస్తమైతే వినేవాడికి వివేకం ఉండద్దా” అన్నది దగ్గరగా వస్తుంది గాని, అందులో తిట్టు పాలెక్కువ. మా అమ్మ “తరుగు తీసి వినరా” అనేది. బంగారం కొట్లో మాట అది. నా ఓటు దానికే.

చెల్లెమ్మా, మీ హీరోగారి మాటకి అర్థం: “ఈ పెళ్ళి వార్త పూర్తిగా నమ్మకండి.” పూర్తిగా అబద్ధమని ఆయన అనలేదు, గమనించావా? అక్కడే ఉంది కిటుకు. సినిమా వాళ్ళు ఈ మాట వాడితే, ఆ మాటని కూడా చిటికెడు ఉప్పుతోనే తీసుకోవాలి. కనక నువ్వింకా ఆశ వదులుకోనక్కర్లేదు, పెట్టుకోనూ అక్కర్లేదు. పందెంలో ఎవరూ గెలవలేదు కాబట్టి ఎవరి టిక్కెట్టు వాళ్ళే కొనుక్కోండి. భోజనప్రియురాలికి మాత్రం ఇంటర్వెల్లో ఒక సమోసా ఇప్పించండి. ముగ్గురిలోకీ కాస్త దగ్గరగా వచ్చింది ఆ పిల్లే. కనీసం ఉప్పు వడ్డించే చోటికి వెళ్ళింది.

కైకలూరు నుంచి అడిగిన కుర్రాడికి: “స్పిల్ ది బీన్స్” సంగతి వచ్చేవారం. ఈలోగా చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ ఉండు నాయనా.